బద్తమీజీకి ఇంగ్లిష్‌లో ఏమంటారు

జూన్ 14, 1999. సోమవారం

కొత్త సంవత్సరానికి కంపెనీ ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల గ్యాస్ బండ మార్చిన తేదీలు. ఇన్నాళ్లూ అంతకన్నా రాసుకోదగ్గది ఏమీ జరగలేదు. ఇవాళ జరిగింది. నాకు కాదు, ఆఫీసులో. నాకేమీ జరగలేదని ముందే రాసిపెట్టుకోవడం మంచిది.

ఇంగ్లండు నుంచి బ్యాంకువాళ్లు వచ్చారు. రెండువేల సంవత్సరం రాగానే వాళ్ల కంప్యూటర్లకు మతి పోతుందట. పోకుండా కాపాడే భాగ్యం మాకు ఇవ్వాలో వద్దో తేల్చుకోవడానికి వచ్చారు. లాబీ అంతా బంతిపూలు. ట్రేలో నారింజ రసం. బయట కొత్త భవనాల కోసం ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు, ఆ దుమ్ము లోపలికి రాకుండా గాజు తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టారు. ప్రాజెక్ట్ మేనేజర్ గిరీష్ గారు కొత్త టై కట్టుకుని పెళ్లికొడుకు మేనమామలా తిరుగుతున్నారు. యూజర్ మాన్యువల్స్ రాసేదాన్ని కాబట్టి నన్ను కూడా పట్టుచీరలో నిలబెట్టారు. పూలకుండీ పక్కన.

అతిథులు రసం తాగుతుంటే గిరీష్ గారు, "ఒక లైన్ సరిగా లేదట, చూసొస్తాను" అని రిసెప్షన్ వెనక ఉన్న టెలిఫోన్ ఆపరేటర్ గదిలోకి వెళ్లారు. కాసేపటికి ఆ గది తలుపు వెళ్లి గోడకు కొట్టుకుంది. ఆపరేటర్ భార్గవి బయటికొచ్చింది. చున్నీ ఒక పక్కకు వేలాడుతోంది. వెనకే గిరీష్ గారు టై సర్దుకుంటూ, నవ్వుతూ.

"బద్తమీజ్! నా దగ్గరికి రాకు!" అని అరిచింది భార్గవి. ట్రేలోంచి ఒక గ్లాసు అందుకుని ఆయన చొక్కా మీద కుమ్మరించింది.

ఇంగ్లండు వాళ్లలో ఒక పెద్దాయన ఇది కూడా స్వాగత కార్యక్రమంలో భాగమేమోనని చప్పట్లకు చేతులు ఎత్తి, మా ముఖాలు చూసి దించుకున్నాడు.

నేను నా సీటుకు వెళ్లి, ఏడో అధ్యాయంలో కామాలు సరిచూశాను. ఎవరి పని వాళ్లకుంటుంది.

జూన్ 15, మంగళవారం

భార్గవి రాలేదు. రమ్మనలేదు. ఫోన్లు మోగుతున్నాయి, ఎవరూ ఎత్తడం లేదు. మొత్తానికి చాలా ప్రశాంతంగా ఉంది.

జూన్ 17, గురువారం

విచారణ కోసం చెన్నై హెడ్డాఫీసు నుంచి పర్సనెల్ మేనేజర్ విమానం దిగాడు. చాలా నిష్పక్షపాతి. తెలుగు రాదు, హిందీ అసలే రాదు, అంచేత ఎవరి పక్షమూ వినలేడు. దుబాసీ కావాలన్నాడు. ఆడమనిషి అయి ఉండాలి, కాస్త వయసున్నదై ఉండాలి, ఇంగ్లిష్ బాగా రావాలి. ఇన్ని సుగుణాలు ఒకేచోట ఉన్న సరుకు ఈ అంతస్తులో నేనొక్కదాన్నే.

నిజానికి భార్గవికీ ఇంగ్లిష్ వచ్చు. ఫోన్లో తేనె పోసినట్టు మాట్లాడుతుంది. కానీ ఇవాళ తెలుగులోనే చెబుతానంది.

గదిలో ముగ్గురం. ఆయన, ఆమె, నేను. గిరీష్ గారి వాంగ్మూలం పొద్దున్నే అయిపోయింది, ఇంగ్లిష్‌లో, కాఫీతో.

"ఏం జరిగిందో చెప్పమనండి" అన్నాడాయన.

భార్గవి నా వైపు తిరిగింది. "సారు నాతోని బద్తమీజీ చేసిండు మేడమ్."

"ఆ మాటకు అర్థమేమిటి?" అని ఆయన పెన్ను మూత తీశాడు.

ఒక్క క్షణం ఆలోచించాను. ఆలోచించి, "హీ వజ్ రూడ్ టు హర్" అన్నాను. మర్యాద లేకుండా ప్రవర్తించాడు అని.

ఆయన రాసుకున్నాడు. భార్గవి నన్ను చూసింది. "రూడ్ ఆ మేడమ్?" అంది, చాలా మెల్లగా.

"ఇంకేమైనా చెప్పాలా, అడగండి" అన్నాడాయన.

అడిగాను.

"మేడమ్‌కి ఎరుకే. ఆమెనే చెప్పుమనుండ్రి" అంది ఆయన వైపు చూస్తూ.

ఆయన నా వైపు చూశాడు. నేను, "చెప్పడానికి ఇంకేమీ లేదంటోంది" అన్నాను.

నాకేం ఎరుక? ఒకే వ్యాన్లో వస్తాం, నేను మదీనాగూడలో ఎక్కుతాను, ఆ పిల్ల అంతకు ముందు చందానగర్‌లో ఎక్కుతుంది, అంతే. ఈ మధ్య ఒక నెలగా సాయంత్రం తన డ్యూటీ అయిపోయినా నా పని అయ్యేదాకా నా బల్ల పక్కన కూర్చునేది. ఎందుకమ్మా అని నేను అడగలేదు. అడగడం మర్యాద కాదు.

జూన్ 18, శుక్రవారం

ఉర్దూ నిఘంటువు చూశాను. తమీజ్ అంటే మర్యాద, వివేకం. బద్ అంటే చెడ్డ. బద్తమీజీ అంటే అమర్యాద, మొరటుతనం. నేను చెప్పింది అక్షరాలా సరైనదే. ఎం.ఏ. ఇంగ్లిష్ ఊరికే చదవలేదు.

ఇంట్లో ఆయనకు చూపించాను. మా ఆయన భీమేశ్వరరావు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. ఏ కాగితం చూసినా మొదట కింద తన సంతకం ఉందో లేదో చూస్తారు.

"వాంగ్మూలం మీద నువ్వు సంతకం పెట్టావా?" అన్నారు.

"దుబాసీగా పెట్టానండి."

"సరే. మాట సరైనదే కదా. ఇక మనకెందుకు? వచ్చే నెలలో నీ ఉద్యోగం పర్మనెంట్ చేయాలి. మళ్లీ ఆ బాచుపల్లి కాలేజీకి వెళ్లి సుద్దముక్కలు అరగదీస్తావా?"

ఉద్యోగానికీ ఈ మాటకూ సంబంధం లేదు. ఈ సంగతి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. సంబంధం లేదు.

జూన్ 22, మంగళవారం

ఉత్తర్వులు వచ్చాయి. కాపీలు సరిచూడమని నాకే ఇచ్చారు, వ్యాకరణం కోసం.

గిరీష్ గారికి: తోటి ఉద్యోగులతో మాట్లాడేటప్పుడు మరింత సౌమ్యంగా ఉండవలసిందిగా సూచన. రెండు పంక్తులు.

భార్గవికి: అతిథుల సమక్షంలో అరుపులు, పై అధికారి మీద పానీయం విసరడం, సంస్థ ప్రతిష్ఠకు భంగం, వెరసి గ్రాస్ మిస్‌కాండక్ట్, తక్షణం తొలగింపు. పేజీ నిండా ఉంది. ఆమె తప్పుకు ఇంగ్లిష్‌లో ఎన్ని మాటలున్నాయో! ఒక్క కామా కూడా తప్పు లేదు.

మధ్యాహ్నం గిరీష్ గారు నా సీటు దగ్గరికి వచ్చారు. "ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్" అని వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేశారు. "మీలాంటి మెచ్యూర్డ్ లేడీస్ ఉండబట్టే ఆఫీసు నడుస్తోంది. మీ కన్ఫర్మేషన్ సంగతి నేను చూసుకుంటాను కదా" అన్నారు. పెద్దవాళ్లంటే ఆయనకు గౌరవం. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. ఫోన్ మోగింది, నేను ఎత్తాను, మాట్లాడాను, పెట్టేశాను. చెయ్యి తీయడం మరిచిపోయినట్టున్నారు. పని ఒత్తిడి మరి.

ఇంటికొచ్చి స్నానం చేశాను. అన్నం తిన్నాక మళ్లీ చేశాను. ఉక్కగా ఉంది.

జూన్ 23, బుధవారం

వాన పడింది. చల్లబడింది. రెండుసార్లు స్నానం.

జూన్ 25, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత నేనే మార్చుకోకుండా.

సాయంత్రం పప్పు తాలింపు వేస్తున్నాను. ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు, కార్గిల్ వార్తలు. మా అమ్మాయి రసజ్ఞ కూకట్‌పల్లి కాలేజీ నుంచి వచ్చింది. బ్యాగు సోఫా మీద విసిరేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, బస్సులో ఒకడు నాతో బద్తమీజీ చేశాడు" అంది.

నేను గరిటె వదిలేశాను. దాని రెండు చేతులూ పట్టుకుని, "ఎక్కడ చెయ్యి వేశాడు?" అన్నాను.

హాల్లోంచి పేపరు కింద పడ్డ చప్పుడు. "ఎవడు వాడు? ఏ బస్సు?" అంటూ ఆయన చెప్పులేసుకుంటున్నారు. ఏ బస్సు వెనక పరుగెత్తుదామనో.

రసజ్ఞ చెప్పింది. నిలబడే చోటు కూడా లేదట. వెనకనుంచి నడుము మీద. మొదట బస్సు కుదుపేమో అనుకుందట. రెండోసారి కుదుపు లేదు. "ఓ కండక్టర్ సాబ్, వీడు బద్తమీజీ చేస్తుండు!" అని పక్కనున్న పండ్లమ్మే ఆవిడ కేకేస్తే కండక్టర్ మియాపూర్ దగ్గర బస్సు ఆపి వాడి కాలరు పట్టి దింపేశాడట. నలుగురు దిగి నాలుగు తగిలించారట.

"బస్సంతా ఆగింది అమ్మా" అంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

పప్పు మాడింది.

ఇంట్లో ముగ్గురం ఉన్నాం. కండక్టరు, పండ్లావిడ, బస్సెడు జనం ఉన్నారు. నిఘంటువు చూద్దామని ఒక్కరికీ తోచలేదు. ఆ కుర్రవాడు ఏ విధంగా మర్యాద తప్పాడని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "ఎక్కడ చెయ్యి వేశాడు".

ఈ ఊళ్లో ఆడపిల్ల ఆ మాట అంటే దానికి ఒకటే అర్థం. విచారణ జరిగిన గురువారమూ నాకు తెలుసు.

జూన్ 27, ఆదివారం

చందానగర్ వెళ్లాను. కూరగాయలకని చెప్పాను.

మార్కెట్ వెనక సందులో ఇల్లు. గోడకు ఖాకీ చొక్కా వేలాడుతోంది. భార్గవి నాన్న పోచయ్య ఆర్టీసీ డ్రైవరు. నేను పేరు చెప్పగానే లేచి నిలబడి కుర్చీ తుడిచాడు. అది ఇంకా కష్టంగా ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్లావిడ చెన్నమ్మ చాయ్ తెచ్చి, కప్పు కింద పెట్టి, తలుపు పక్కనే నిలబడిపోయింది.

"మంచిగొచ్చిన్రు మేడమ్" అన్నాడు పోచయ్య. "గీ కాగితం కొరియర్ల వచ్చింది. బిడ్డ చదువుతలేదు, పరేషాన్‌ల ఉన్నది. నాకేమో ఇంగ్లిష్ రాదాయె. జర మీరన్న చెప్పుండ్రి, ఏం రాసిన్రు?"

నేను వ్యాకరణం సరిచూసిన కాగితమే. చదివాను. గ్రాస్ మిస్‌కాండక్ట్ దగ్గర ఆగాను. తప్పదు కాబట్టి, "తీవ్రమైన దుష్ప్రవర్తన" అన్నాను.

"అంటే?"

"అంటే... నడవడి సరిగా లేదని."

పోచయ్య నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. "చెడు నడత అని రాసిచ్చిన్రా?" అన్నాడు. "మా పిల్ల నడత చెడ్డదని? పెండ్లి కావలసిన పిల్లకు గా మాట రాసి, ముద్ర గుద్ది, ఇంటికి పంపిన్రా?"

"ఇంగ్లిష్‌లో ఆ అర్థం కాదండీ, అరిచిందని, రసం పోసిందని..."

"తెలుగుల ఏమర్థమో చెప్పుండ్రి మేడమ్. మేం తెలుగోళ్లం."

తలుపు పక్కన చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గిరీష్ గారు చేసినది నేను ఇంగ్లిష్‌లోకి మార్చేసరికి మొరటుతనం అయింది. ఈ పిల్ల అరిచినది తెలుగులోకి వచ్చేసరికి చెడునడత అయింది. రెండు దారుల్లోనూ దుబాసీని నేనే. నా పాండిత్యానికి శాలువా కప్పాలి.

భార్గవి లోపలి గదిలోంచి వచ్చింది. నీళ్లు కారుతున్న జుట్టు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"నేను తప్పు చెప్పాను భార్గవీ" అన్నాను.

"తప్పు లే మేడమ్. మంచి ఇంగ్లిష్ చెప్పిన్రు."

"రేపే వెళ్లి ఆ మాట మార్పిస్తాను."

"మాటనా?" అంది. అప్పుడు మొదటిసారి గొంతు పెరిగింది. "మాట మార్చి ఏం జేస్తరు? ఒక మాట కాదంటే ఇంకొకటి రాస్తరు. మీరేం చూసిన్రో అది చెప్పుండ్రి. నేనేమన్న పుస్తకంల అర్థం అడిగిన్నా మిమ్మల్ని?"

పోచయ్య నా వైపు తిరిగాడు. "మీరు చూసిన్రా మేడమ్?"

చాయ్ చల్లారిపోయింది. "చూశాను" అన్నాను.

ఆయన లేచి వెళ్లి ఖాకీ చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. డ్యూటీ టైమయిందట. గుమ్మం దాటుతూ, "ఇగ మీ ఇష్టం" అన్నాడు.

కూరగాయలు తేవడం మరిచిపోయాను. మా ఆయన అడగలేదు.

జూన్ 28, సోమవారం

తలనొప్పి. సెలవు.

జూన్ 29, మంగళవారం

తలనొప్పి అని రాయడం ఇక చాలు.

మదీనాగూడ ఎస్టీడీ బూత్ నుంచి చెన్నైకి ఫోన్ చేశాను. ఆఫీసు నుంచి చేయవచ్చు. అయితే ఇప్పుడు ఆపరేటర్ సీట్లో ఉన్నది గిరీష్ గారు స్వయంగా ఎంపిక చేసిన అబ్బాయి.

"ఆ రోజు నేను చేసిన అనువాదం సరికాదు" అన్నాను.

"అంటే మీ ఇంగ్లిష్ సరిగా లేదంటారా, తెలుగు సరిగా లేదంటారా?" అన్నాడాయన. మర్యాదగానే.

"రెండూ బాగానే ఉన్నాయండి. నేనే సరిగా లేను."

"ఆ పిల్ల మీకు వేరే ఏదైనా చెప్పిందా?"

"చెప్పలేదు. నేనే చూశాను."

"మేడమ్, మీరు దుబాసీగా ఉండవచ్చు, సాక్షిగా ఉండవచ్చు. రెండూ ఉండలేరు" అన్నాడు.

"తెలుసండి. అందుకే దుబాసీగా మానేస్తున్నాను."

శుక్రవారం వస్తానన్నాడు. బూత్ అబ్బాయి బిల్లు చింపుతూ నన్ను ఎగాదిగా చూశాడు.

మా ఆయనకు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ముద్ద కలుపుతూ ఆగిపోయారు. "బస్సువాడంటే ఎవడో అనామకుడు. వీడు మేనేజరు" అన్నారు. రసజ్ఞ కంచంలోంచి తలెత్తి వాళ్ల నాన్నను చూసింది, అంతే. ఆయన పెరుగు వేసుకోకుండా లేచారు.

జూలై 2, శుక్రవారం

అదే గది. ఈసారి గిరీష్ గారు కూడా ఉన్నారు, ఆయన ఎదుటే చెప్పాలట. నీలం చొక్కా. రసం మరక పోయినట్టుంది, లేదా కొత్తది.

చెప్పాను. మే నెలలో ఒకరోజు కాఫీకి వెళ్తుంటే ఆపరేటర్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. భార్గవి చెవులకు ఫోన్ తగిలించుకుని మాట్లాడుతోంది. గిరీష్ గారు కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి ఆమె మెడ దగ్గరనుంచి బట్టల లోపలికి పోయి ఉంది. ఆమె ఒళ్లు కొయ్యబారిపోయింది, గొంతు మాత్రం మారలేదు. "ప్లీజ్ హోల్డ్ ఆన్ సర్, ఐ యామ్ కనెక్టింగ్ యూ" అంటోంది. నన్ను చూసింది. నేను కాఫీ తెచ్చుకుని నా సీటుకు వెళ్లిపోయాను.

ఇంగ్లిష్‌లోనే చెప్పాను. కష్టమైన మాట ఒక్కటి కూడా అవసరం పడలేదు.

చెన్నై ఆయన పెన్ను ఈసారి చాలా నెమ్మదిగా కదిలింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నా ఉద్యోగం ఈ నెల పర్మనెంట్ కావాలండి."

రాసిపెట్టుకున్నాను కదా, సంబంధం లేదని. ఉంది.

గిరీష్ గారు నవ్వారు. ముందుకు వంగి, తెలుగులో, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అడిగారు: "కనకలక్ష్మి గారూ, మనం కలిసి పనిచేస్తున్నాం. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. నేను మీతో ఎప్పుడైనా మర్యాద తప్పానా?"

"లేదండి" అన్నాను. "పోయిన మంగళవారం కాక అంతకుముందు మంగళవారం మీరు వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. నేను ఫోన్ మాట్లాడటం పూర్తయినా తీయలేదు. కానీ వేసే ముందు ఎక్స్‌క్యూజ్ మీ అన్నారు. మీరు మర్యాద ఎప్పుడూ తప్పలేదు. అందుకే బద్తమీజీ అంటే మర్యాద లేకపోవడం అని నేను చెప్పింది తప్పు."

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"ఏమంటున్నారు?" అని చెన్నై ఆయన అడిగాడు. దుబాసీని కాను కదా, అయినా చెప్పాను. మాటకు మాట చెప్పాను.

బయటికొచ్చాను. బాత్‌రూమ్‌లో సింకు పట్టుకుని నిలబడ్డాను. పక్కన చేతులు కడుక్కుంటున్న కొత్త ప్రోగ్రామర్ అమ్మాయి అద్దంలో నన్ను చూసి, "మేడమ్, మీరు లోపల గిరీష్ గారి గురించే చెప్పారా?" అంది. అవునన్నాను. కుళాయి కట్టేయడం మరిచిపోయి చాలాసేపు నిలబడింది. నేనే ఈసారి అడిగాను. అడిగితే చెప్పింది.

జూలై 5, సోమవారం

ఆ అమ్మాయి కూడా చెన్నైకి ఫోన్ చేసింది. ఆఫీసు ఫోన్ నుంచే. ఈ కాలం పిల్లలు.

జూలై 9, శుక్రవారం

న్యాయం జరిగింది. మా కంపెనీ పద్ధతిలో.

గిరీష్ గారు "వ్యక్తిగత కారణాల వల్ల" రాజీనామా చేశారు. వీడ్కోలు విందు లేదు. వీడ్కోలు సందేశం మాత్రం అందరి తరఫునా నన్ను రాయమన్నారు, భాష బాగుంటుందని. రాయనన్నాను. ఎవరూ రెట్టించలేదు. ఆయన అమీర్‌పేటలో ఇంకో కంపెనీలో ఇంతకన్న పెద్ద కుర్చీలో చేరుతున్నారని వెంటనే తెలిసింది. అక్కడ టెలిఫోన్ ఆపరేటర్ ఎవరో.

భార్గవి మీద ఉత్తర్వు రద్దు. చెడునడత వెనక్కి తీసుకున్నారు. మళ్లీ చేరవచ్చునట, జరిగినదానికి రెండు పక్షాలూ విచారిస్తున్నాయట. ఆమె పక్షం ఏం విచారిస్తోందో రాయలేదు.

నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కారణం: భాషా సామర్థ్యం మెరుగుపరచుకోవలసి ఉంది. ఇందులో మాత్రం వాళ్లతో నాకు అభిప్రాయభేదం లేదు.

మా ఆయనకు కాగితం చూపించాను. కింద ఎవరి సంతకం ఉందో చూడలేదు. పూర్తిగా చదివి, మడిచి, "కాఫీ తాగుతావా?" అని తనే వంటింట్లోకి వెళ్లారు. పాలు పొంగించారు, చక్కెర వేయడం మరిచారు. పెళ్లయిన ఇరవై ఏళ్లకు మొదటి కాఫీ. పూర్తిగా తాగాను.

జూలై 16, శుక్రవారం

భార్గవి వచ్చింది. చేరడానికి కాదు, అనుభవ పత్రం తీసుకోవడానికి.

"ఆ కుర్చీల కూసుంటే ఫోన్ మోగినప్పుడల్లా మెడ మీద చెయ్యే యాదికొస్తది మేడమ్. నాతోని కాదు" అంది. సికింద్రాబాద్‌లో ఒక హోటల్‌కు ఆపరేటర్ కావాలట. రేపు ఇంటర్వ్యూ.

సెలవు చీటీ పెట్టి ఆమెతో పాటు రోడ్డు దాకా నడిచాను. వాన వెలిసింది, ఎర్రమట్టి చెప్పులకు అంటుకుంటోంది. క్షమించమని అడుగుదామని దారి పొడుగునా నాలుగు వాక్యాలు కూర్చుకున్నాను. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"మేడమ్, రేపు వాళ్లు ఆ నౌకరీ ఎందుకు ఇడిసిపెట్టినవని అడుగుతరు కద. ఏం చెప్పాలె?"

"వ్యక్తిగత కారణాలని..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ మాట ఆల్రెడీ ఒకరు వాడేశారు.

"నేనేం తప్పు జేయలే. దాచిపెట్ట. ఇంగ్లిష్‌ల సాఫ్‌సీదా ఎట్లనాలె, చెప్పుండ్రి."

చెప్పాను. మై మేనేజర్ పుట్ హిజ్ హ్యాండ్స్ ఆన్ మీ. ఐ షౌటెడ్.

"గంతేనా? గింత చిన్నగుంటదా?"

"అంతే."

ఒకసారి గొణిగింది. రెండోసారి షౌట్ దగ్గర ఆగి నా వైపు చూస్తే, షౌటెడ్ అని సరిచేశాను. మూడోసారి తలెత్తి, ఫోన్లో మాట్లాడే గొంతుతో, స్పష్టంగా అంది. బస్సు కోసం నిలబడ్డ టై కట్టిన కుర్రాళ్లు మాటలాపి చూశారు. చాయ్ బండి దగ్గర ఒకాయన గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు. ఆమె వాళ్లను చూసింది. గొంతు తగ్గించలేదు.

సెవెన్ సీటర్ ఆటో వచ్చి ఆగింది. "చందానగర్, చందానగర్! వస్తవా అమ్మా?" అని డ్రైవరు తొందరపెట్టాడు.

"జర ఆగు" అంది భార్గవి. వాక్యం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, చివరిదాకా పూర్తిచేసి, అప్పుడు ఎక్కింది.